నిద్ర లెక్క చూసుకొని బండెక్కండి: 6–12 నెలల పిల్లలతో హనుమకొండ నుంచి రామప్ప దాకా

చంటిపిల్లతో బయటికి పోదామనగానే చాలా ఇళ్లల్లో సంచి సర్దుడు మొదలవుతుంది. కానీ మొదలుపెట్టాల్సింది సంచితో కాదు, పాప నిద్ర లెక్కతో. పొద్దున ఎప్పుడు లేస్తుంది, లేచిన ఎంతసేపటికి మళ్లీ కళ్లు నలుపుకుంటుంది అన్నది ముందు తెలియాలి. ప్రయాణమంతా పాప నిద్రలో అయిపోవాలి. చూడాల్సింది పాప మెలకువగా ఉన్నప్పుడు చూడాలి. ఇది కుదిరితే సంచిలో రెండు వస్తువులు మరిచిపోయినా ఫర్వాలేదు. కుదరకపోతే డిక్కీ నిండా సామాను ఉన్నా ఏడుపు ఆగదు.

ఉదాహరణకు హనుమకొండ నుంచి రామప్ప గుడిని తీసుకుందాం. దాదాపు 65 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. ఈ వయసు పిల్లల పొద్దటి నిద్రకు సరిగ్గా అతికే దూరం. పాకాల చెరువుకైనా, లక్నవరం చెరువుకైనా పద్ధతి ఇదే, గంటలు మాత్రం మారతాయి. పాప అని రాసినచోటల్లా బాబుకూ అదే వర్తిస్తుంది.

1. మూడు రోజుల ముందు: నిద్ర రాసి పెట్టండి

క్యాలెండర్ వెనకాల రాసినా చాలు. రోజూ నాలుగు టైములు రాయండి: లేచింది, నిద్ర గుర్తులు మొదలైంది, పడుకుంది, మళ్లీ లేచింది.

6–8 నెలల పిల్లలు ఒక నిద్రకూ ఇంకో నిద్రకూ మధ్య సాధారణంగా 2 నుంచి 3 గంటలు మెలకువగా ఉంటారు. 9–12 నెలల్లో అది 3 నుంచి 4 గంటల దాకా పెరుగుతుంది. ఇది అందాజు లెక్క. మీ పాప అసలు లెక్క మీరు రాసుకున్న కాగితంలోనే దొరుకుతుంది.

నిద్ర గుర్తులంటే కళ్లు నలుపుకోవడం, చెవి పట్టి లాగడం, పిలిచినా తల పక్కకు తిప్పడం, భుజంలో ముఖం దాచుకోవడం. ఏడుపు వీటన్నిటి తర్వాత వస్తుంది. ఏడుపు మొదలయ్యాక సీట్లో కూచోబెడితే ఆలస్యమైనట్టే.

పొద్దున 6కు లేచి, రెండున్నర గంటలకు నిద్రకొచ్చే ఎనిమిది నెలల పాపకు రోజు ఇలా కుదురుతుంది:

• 6:00 లేవడం, పాలు
• 7:00 స్నానం, బట్టలు
• 7:30 తిండి
• 8:15 బండెక్కడం
• 8:30 నిద్ర
• 9:45–10:00 పాలంపేట (రామప్ప గుడి ఉన్న ఊరు) చేరడం, పాలు, డైపర్
• 10:15–11:30 గుడి, పచ్చిక
• 11:30 మధ్యాహ్నపు తిండి
• 12:30 తిరుగు ప్రయాణం, రెండో నిద్ర
• 2:00–2:15 ఇల్లు

అంటే ఇది పూర్తి రోజు కాదు, పూట ప్రయాణమే. "ఇంత దూరం వచ్చినం, లక్నవరం కూడా చూసిపోదాం" అని ఎవరో ఒకరు అంటారు. రోజు పాడయ్యేది ఆ మాట దగ్గరే. లక్నవరం ఇంకో ఆదివారం పెట్టుకోండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, పాప లేవగానే బయల్దేరడం. పాప హుషారుగా ఉన్న రెండు గంటలూ సీటు బెల్టులో గడిచిపోతాయి, గుడి మెట్ల దగ్గరికి రాగానే నిద్ర ముంచుకొస్తుంది. రెండోది, కారులో బాగా పడుకుంటుందని ఇంట్లో నిద్ర ఆపడం. అలసట మీరిన పాప పడుకోదు. ఒళ్లు విరుచుకొని ఏడుస్తుంది, పడుకున్నా ఇరవై నిమిషాల్లో లేస్తుంది.

2. రోజు ఎంచుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున ములుగు వైపు మంచు ఎక్కువగా ఉంటే అది విడిపోయాకే బండి తీయండి. పాప నిద్ర లెక్క అరగంట జరిగినా నష్టం లేదు.

మార్చి నుంచి జూన్‌లో తొలకరి పడేదాకా ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. గుడి రాతి నేల పది దాటగానే కాలుతుంది, చెప్పులు బయటే విడవాలి. ఎండకాలంలో ఊళ్లోనే భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం ఓ అరగంట నడక చాలు.

వానకాలంలో వాగులు చూసుకోవాలి. 2023 జులై చివర్లో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ముసురు పట్టిందంటే ప్రయాణం మానుకోండి. రోడ్డు తెగితే పాపతో కారులో రాత్రి గడపాల్సి వస్తుంది.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సమయంలో వస్తుంది. దానికి పోయేదీ ఇదే ములుగు రోడ్డు. జాతరకు కొన్ని వారాల ముందు నుంచే, ముఖ్యంగా ఆది, బుధవారాల్లో బండ్లు బారులు తీరతాయి. గంటన్నర లెక్క ఆ రోజుల్లో పనికిరాదు.

టీకాల కార్డు కూడా చూడండి. టీకా వేయించిన మర్నాడు, రెండో రోజు ఇంట్లోనే ఉండాలి. 9 నెలలకు వేసే తట్టు–రుబెల్లా టీకాకు జ్వరం వస్తే వెంటనే రాదు, సుమారు వారం తర్వాత వస్తుంది. ఆ వారం దూరం పోకండి.

3. బండి సంగతి

కారైతే: ఒళ్లో కూచోబెట్టుకొని పోవడం మన దగ్గర మామూలు. కానీ గట్టిగా బ్రేకు పడ్డప్పుడు ఎనిమిది కిలోల పాపను ఏ చేతులూ ఆపలేవు. పిల్లల సీటు పెట్టాల్సిందే. వెనక సీట్లో, పాప ముఖం కారు వెనక వైపు ఉండేట్టు బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో పెట్టకూడదు.

బిగించాక ఇవి చూడండి:

• బెల్టు పోయే చోట సీటును పట్టుకొని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు.
• భుజం పట్టీలు పాప భుజాల ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి.
• భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి అందితే వదులుగా ఉన్నట్టే, ఇంకా బిగించాలి.
• స్వెటర్ తీసేసి పట్టీలు వేసి, పైనుంచి దుప్పటి కప్పాలి. లావు ఉన్ని మీద బిగించిన పట్టీ అసలు వేళకు వదులవుతుంది.
• మెడలో తాయెత్తు, నల్లపూసల దండ, పాలపీక కట్టిన తాడు ఉంటే తీసేయాలి. నిద్రలో మెడకు చుట్టుకుంటాయి.

సీటును ఆ పొద్దే కొత్తగా బిగించకండి. మూడు రోజుల ముందే బిగించి, రోజూ పది నిమిషాలు కాలనీలో తిప్పండి. కొత్త సీట్లో మొదటిసారే గంటన్నర కూచోమంటే ఏ పాపా ఒప్పుకోదు.

ఏసీ 25–26 మీద ఉంచి, గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా మళ్లించండి. కిటికీకి తువ్వాలు వేలాడదీసే బదులు జాలీ తెర అతికించండి.

బస్సైతే: ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, అందుకే ఆదివారాలు నిలబడేందుకూ చోటుండదు. పొద్దున తొలి బస్సుల్లో, బస్టాండులోనే ఎక్కండి, దారిలో కాదు. చక్రం మీది సీటు వద్దు, కుదుపంతా అక్కడే తగులుతుంది. మధ్యలో, కిటికీ పక్కన కాకుండా లోపలి సీటు తీసుకోండి. పాప క్యారియర్‌లో (బిడ్డను ఒంటికి కట్టుకొని ఎత్తుకునే పట్టీల సంచి) మీ ఛాతీకి ఆనుకొని ఉండాలి.

టూవీలర్ మీద ఇంత దూరం వద్దే వద్దు. ఊళ్లో తిరగడానికైనా, నాలుగేళ్ల లోపు పిల్లలకు పట్టీ కట్టాలని, 9 నెలలు దాటితే హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించొద్దని చట్టమే చెప్తోంది.

4. తిండి: ఇక్కడ తొందర పడొద్దు

మొదటి నియమం: ప్రయాణం రోజు కొత్త తిండి పెట్టకూడదు. ఏది తీసుకుపోదామనుకున్నా ముందు మూడు రోజులు ఇంట్లో పెట్టి చూడండి.

తల్లిపాలు తాగే పాపకు సగం పని తగ్గినట్టే. కాకపోతే నడుస్తున్న కారులో సీట్లోంచి తీసి పాలివ్వకండి. పక్కకు ఆపి ఇవ్వాలి, చున్నీ ఒకటి చేతి సంచిలోనే ఉంచుకోండి. ముందే పిండి పెట్టుకున్న తల్లిపాలైతే ఐస్‌ ప్యాకులున్న చల్లటి సంచిలో పెట్టాలి. బయట 25 డిగ్రీల దగ్గర అవి 4 గంటలే ఆగుతాయి, మన ఎండకు అంత కూడా ఆగవు.

డబ్బా పాలైతే ఇంట్లో కలిపి తీసుకుపోకండి. కలిపిన పాలు రెండు గంటల్లో తాగించాలి, నోరు పెట్టాక గంటలో అయిపోవాలి, మిగిలితే పారబోయాలి. అందుకే పొడి వేరుగా, నీళ్లు వేరుగా తీసుకుపోతారు. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, మళ్లీ మరిగే నీళ్లు నింపండి. పొడి కలిపేటప్పుడు నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు. ముందు నీళ్లు, తర్వాత పొడి. స్కూపు లెక్క డబ్బా మీద రాసినట్టే, గీత గీసినట్టు సమంగా. కలిపాక సీసాను చల్లనీళ్ల గిన్నెలో తిప్పి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి.

ఇక ఉగ్గు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టిన ఉగ్గు రవ్వను ఫ్లాస్కు నీళ్లలో కలిపి పెడతారు. అది ఉడకదు. పైకి చిక్కబడినట్టు కనిపిస్తుంది గానీ లోపల రవ్వ పచ్చిగానే ఉండి, సాయంత్రానికి పాప కడుపు ఉబ్బుతుంది. ఉగ్గు పొయ్యి మీదే ఉడకాలి. దారిలో కలుపుకోవాలంటే ముందే ఉడికిన గింజతో చేసిన పొడి కావాలి. అటుకులు అలాంటివే.

అటుకుల పొడి చేసే పద్ధతి:

• పల్చటి అటుకులు 2 కప్పులు జల్లించి, ఊకా మట్టీ ఏరేయండి.
• మందపాటి మూకుడులో సన్నమంట మీద 5–6 నిమిషాలు వేయించండి. రంగు మారకూడదు. ఒక అటుకును రెండు వేళ్ల మధ్య నలిపితే వంగకుండా పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉందన్నమాట.
• పొట్టు లేని పుట్నాలు 2 చెంచాలు అదే వేడిలో ఒక నిమిషం తిప్పండి.
• పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టండి. వేడి మీద పడితే ఆవిరికి పొడి ముద్ద కడుతుంది.
• సన్న జల్లెడ పట్టి, తడి లేని డబ్బాలో వేయండి. వారం పది రోజులకు సరిపడా చేసుకుంటే చాలు.

అక్కడికి పోయాక 3 పెద్ద చెంచాల పొడి గిన్నెలో వేసి, 100–120 మి.లీ. ఫ్లాస్కులోని వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. అది నీళ్లు పీల్చుకొని గట్టిపడుతుంది, ఇంకో రెండు చెంచాల వేడినీళ్లతో జారుగా చేయండి. వేళ్ల మధ్య రుద్ది చూస్తే పలుకు తగలకూడదు. అర చెంచా నెయ్యి వేయండి. ఉప్పు, చక్కెర, బెల్లం వద్దు. తేనె ఏడాది దాటేదాకా నాకించకూడదు.

పప్పన్నమే కావాలంటే వేడి నిలిపే స్టీలు డబ్బా తీసుకోండి. దానిలో పది నిమిషాలు మరిగే నీళ్లు ఉంచి, వంపేసి, పొగలు కక్కే అన్నం నిండుగా పెట్టాలి. సగం డబ్బా తొందరగా చల్లారుతుంది. నాలుగు గంటల్లో తినిపించాలి. గోరువెచ్చటి అన్నం పెట్టి మూత బిగిస్తే మాత్రం క్రిములకు తొట్టెల కట్టి ఊపినట్టే.

వీటికి తోడు ఒక మాగిన అరటిపండు, ఉడికించిన మొరంగడ్డ ముక్క. రెండూ చెంచాతోనే మెదపొచ్చు, పొయ్యి అక్కర్లేదు.

5. సంచి: ఒకటి కాదు, రెండు

పెద్ద సంచి డిక్కీలో ఉంటుంది, చిన్నది కాళ్ల దగ్గర. అందరూ అన్నీ పెద్దదాంట్లో సర్ది, పాప కక్కినప్పుడు రోడ్డు పక్కన డిక్కీ తెరిచి వెతుకుతారు. మొదటి ఇరవై నిమిషాల్లో కావాల్సినవన్నీ చిన్నదాంట్లోనే ఉండాలి.

చిన్న సంచి:

• డైపర్లు 2, తడి తుడుపు కాగితాల ప్యాకెట్
• దస్తీలు 4 (కక్కితే, చొల్లు కారితే, చెయ్యి తుడవాలంటే)
• ఒక జత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు 3
• చున్నీ, పాప నిద్రపోయే బట్ట లేదా బొమ్మ ఒకటి
• నీళ్ల గిన్నె, చెంచా

పెద్ద సంచి:

• మిగతా డైపర్లు: మూడు గంటలకు ఒకటి లెక్క, పైన 2. ఆరేడు గంటల ప్రయాణానికి మొత్తం 5 చాలు.
• ఇంకో జత బట్టలు, అమ్మకు ఒక కుర్తా. ఇది అందరూ మరిచిపోతారు. పాపకు మార్చడానికి రెండు జతలుంటాయి, పాప కక్కింది అమ్మ మీద.
• బొంత ఒకటి, తువ్వాలు ఒకటి
• అంచున్న టోపీ
• ఫ్లాస్కు, తిండి డబ్బా, గిన్నె
• జింక్ ఉన్న డైపర్ క్రీము
• థర్మామీటర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, మీ డాక్టరు రాసిన జ్వరం మందు, బరువును బట్టి డోసు రాసిన చీటీతో సహా
• మడిచే దోమతెర
• టీకాల కార్డు ఫోటో ఫోనులో

జ్వరం మందు గురించి ఒక మాట. చుక్కల మందు, సిరప్ ఒకటి కావు. పారాసెటమాల్ చుక్కల్లో సాధారణంగా ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో అంత గాఢత ఉండదు. సిరప్ లెక్కన చుక్కలు పోస్తే డోసు రెండు నుంచి నాలుగింతలు అవుతుంది. ఇంట్లో ఉన్న సీసా ఏదో, చీటీ దేనికి రాశారో రాత్రే సరిచూసుకోండి.

స్ట్రోలర్ ఇంట్లో వదిలేయండి. రామప్ప గుడి ఆరడుగుల ఎత్తు పీఠం మీద ఉంది, మెట్లెక్కాలి. వేయిస్తంభాల గుడి దగ్గరా ఇదే తంతు. స్ట్రోలర్ భద్రకాళి కట్ట మీదికి పనికొస్తుంది.

6. బయల్దేరే పొద్దు

సంచులు, ఫ్లాస్కు కడుగుడు, డీజిల్, టైర్లలో గాలి అన్నీ శనివారం రాత్రికే అయిపోవాలి. పొద్దున మిగిలేది మరిగే నీళ్లు, తిండి మాత్రమే.

వరుస ఇది:

1) పెద్దవాళ్లు ముందు తయారవ్వాలి, పాప ఆఖరున. పాపను తయారుచేసి, తర్వాత మీరు చీర కట్టుకుంటుంటే పాప మెలకువ గంటలు ఇంట్లోనే ఖర్చయిపోతాయి.
2) తిండి బండెక్కడానికి అరగంట ముందే ముగించి, భుజం మీద వేసుకొని తేపు తెప్పించండి. పొట్ట నిండగానే కూచోబెడితే ఆత్మకూరు దాటకముందే కక్కుతుంది.
3) కాటుక కళ్లకు వద్దు. నానమ్మ దిష్టిచుక్క పెట్టందే కదలనీయదంటే అరికాలికి పెట్టించండి, అందరి మాటా నిలబడుతుంది.
4) కారును ముందు చల్లబరచండి. సీటు బకిల్‌ను చేత్తో ముట్టి చూడండి, ఎండలో నిలిపిన బండిలో ఆ ఇనుము చురుక్కుమంటుంది.
5) డైపర్ మార్చి, సీట్లో కూచోబెట్టి, పట్టీ గిల్లి చూసి బయల్దేరండి.

పాప పడుకున్నాక ఆగొద్దు. చాయ్ కోసం ఆపిన ఐదు నిమిషాలు గంట నిద్రను పోగొడతాయి, ఇంజిను చప్పుడు ఆగగానే పిల్లలు లేస్తారు. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందే నెమ్మదించండి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర హైవే వదిలి పాలంపేట వైపు తిరగాలి.

పాప లేచి ఉంటే, రెండు గంటలకు మించి సీట్లో ఉంచకుండా నీడలో ఆపి పది నిమిషాలు కాళ్లు ఆడనివ్వండి.

7. చేరాక: మొదటి పావుగంట

పార్కింగ్‌లో నీడ చూసి ఆపండి. పాప ఇంకా పడుకొని ఉంటే లేపొద్దు. ఒకరు పాప దగ్గరే, అద్దాలు దించుకొని కూచోవాలి, మిగతావాళ్లు ఒక విడత గుడి చూసి రావచ్చు. ఒక్క నిమిషమే కదా అని కూడా పాపను బండిలో ఒంటరిగా వదలకూడదు. మూసిన కారు ఎండలో పది నిమిషాలకే పది డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

నిద్రలో ఉన్న పాపను సీటుతో సహా ఎత్తి బయట పెట్టడం కూడా తప్పు. కారులో సరైన వాలులో ఉండే సీటు నేల మీద అలా ఉండదు. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు. బయట పడుకోబెట్టాలంటే బొంత మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

లేచాక పాలు, డైపర్, టోపీ. ఆ తర్వాతే క్యారియర్.

క్యారియర్ కట్టే తీరు:

• నడుము బెల్టు తుంటి ఎముక మీద బిగించాలి, పొట్ట మీద కాదు.
• పాపను ఛాతీకి ఎదురుగా, మీ వైపు ముఖం పెట్టి కూచోబెట్టండి. మోకాళ్లు పిర్రల కన్నా ఎత్తులో, కప్పలా మడిచి ఉండాలి. కాళ్లు కిందికి వేలాడితే తుంటికి మంచిది కాదు.
• భుజం పట్టీలు బిగించాక తల వంచితే పాప నెత్తి మీ పెదవులకు అందాలి. అందకపోతే పాప కిందికి జారి ఉన్నట్టు.
• గడ్డం కింద రెండు వేళ్ల సందు ఉండాలి. ముక్కు, నోరు ఎప్పుడూ కనబడాలి.
• మెట్ల మీద ఒక చెయ్యి పాప తల వెనక, ఇంకో చెయ్యి గోడకు. వంగాలంటే నడుము కాదు, మోకాళ్లు వంచాలి.

మీరు వట్టి కాళ్లతో ఉంటారు కాబట్టి ముందు అరికాలితో రాయిని చూడండి. మీ కాలికి చురుక్కుమంటే పాపను దాని మీద దింపొద్దు. మంచుకు తడిసిన రాయి జారుతుంది కూడా.

గుడిలో పిల్లలకు నచ్చేది వెలుగూ నీడా. రంగమండపంలో నున్నటి నల్లరాతి స్తంభాల మీద వెలుగు కదలడాన్ని పాప చూస్తూ ఉండిపోతుంది, అక్కడ తొందర పెట్టకండి. గర్భగుడిలో పొగ, గంట చప్పుడు, జనం ఉంటే దండం పెట్టుకొని త్వరగా బయటికి రావాలి. ప్రసాదం పాప నోట్లో పెట్టబోయేవాళ్లను ఆపాలి. పల్లీలు, జీడిపప్పు ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి.

తెలియనివాళ్లు "ఇటియ్యిరి బిడ్డను" అని చేతులు చాస్తారు, బుగ్గ గిల్లుతారు. గొడవ అక్కర్లేదు. "ఇప్పుడే పాలు తాగింది పెద్దమ్మా, ఎత్తుకుంటే కక్కుతది" అంటే చాలు, వాళ్లే వెనక్కి తగ్గుతారు.

తర్వాత పచ్చికలో బొంత పరిచి పాపను పాకనివ్వండి. పరిచే ముందు చీమల బారులు చూడండి. కోతులుంటే తిండి డబ్బాలు బయటపెట్టొద్దు. తినిపించడం కారులోనే, తలుపులు వేసుకొని. దగ్గర్లోనే ఉన్న చెరువు కట్ట దాకా పోయి రావచ్చు గానీ పడవ ఎక్కించకండి. పెద్దవాళ్ల లైఫ్‌ జాకెట్ పాప ఒంటి మీద నిలవదు.

8. కారు సీట్లో డైపర్ మార్చడం

ముందు తలుపులు మూయాలి. వెనక సీటు మీద బొంత మడత, దాని మీద తువ్వాలు. కొత్త డైపర్‌ను విప్పి పాత డైపర్ కిందికి ముందే జరిపి పెట్టాలి, ఆ తర్వాతే పాతది విప్పాలి. ఆడపిల్లకు ముందు నుంచి వెనక్కే తుడవాలి. మగపిల్లాడికి విప్పగానే దస్తీ కప్పాలి, లేకపోతే ఆ గాలి తగలగానే మీ ముఖం మీదే. తొడల మడతలు ఆరేదాకా అర నిమిషం ఆగి, క్రీము పల్చగా రాసి, పట్టీలు వేయండి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పాప మీదే ఉండాలి, కారు సీటు పాప దొర్లేంత సన్నగా ఉంటుంది.

పాత డైపర్‌ను చుట్టి, కవరులో ముడి వేసి ఇంటికే తెచ్చుకోండి. గుడి గోడ పక్కన పెట్టేది కాదది.

9. లెక్క తప్పినప్పుడు

పోయేటప్పుడు అసలు పడుకోలేదు: గుడి చూడడం పక్కన పెట్టి, క్యారియర్‌లో వేసుకొని నీడలో నెమ్మదిగా నడవండి. అరగంట పడుకున్నా చాలు. ముఖం మీద చున్నీ కప్పి చీకటి చేయొద్దు, లోపల వేడి పెరుగుతుంది, గాలి ఆడదు.

సీట్లో ఒకటే ఏడుపు: బండి ఆపి నాలుగు చూడండి. డైపర్, ఆకలి, మెడ దగ్గర పట్టీ ఒరుసుకోవడం, ముఖానికి ఎండ. ఎక్కువగా ఆఖరుదే కారణం. పాప వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి మీకు తగలని ఎండ పాపకు తగులుతుంది.

తిండి ముట్టలేదు: ఒక పూట తినకపోతే ఏమీ కాదు. పాలు ఇంకోసారి ఇవ్వండి. బలవంతంగా బుక్కలు కుక్కితే దారిలో అన్నీ బయటికొస్తాయి.

విరేచనాలు: పాలు ఆపొద్దు. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం పొడి, సగం గ్లాసు అని అందాజుగా కలిపితే ఉప్పు లెక్క తప్పి ప్రమాదం. నీళ్లగా పోయిన ప్రతిసారీ 50–100 మి.లీ. చెంచాతో ఇవ్వండి. కక్కితే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా ఇవ్వండి. కిరాణాకొట్టులో దొరికే పండ్ల రుచి డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న ప్యాకెట్టే అడగండి.

వీటిలో ఏది కనిపించినా ఇంటికి కాదు, నేరుగా దవాఖానకే: ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, మాడు లోపలికి గుంట పడడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, ఎంత లేపినా మత్తుగా ఉండడం, ఆగకుండా కక్కడం, ఫిట్స్, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోవడం.

గొంతుకు ఏదైనా అడ్డం పడి పాప దగ్గలేక, ఏడవలేక పోతే: ముంజేతి మీద బోర్లా, తల ఛాతీ కన్నా కిందికి ఉండేట్టు పడుకోబెట్టి, దవడను చేత్తో పట్టుకొని, భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు వేయండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో, రొమ్ముల గీతకు కాస్త కింద 5 సార్లు నొక్కండి. బయట పడేదాకా మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

10. తిరుగు ప్రయాణం, ఇల్లు చేరాక

తిరిగేటప్పుడు అందరికీ ఆకలి వేస్తుంది. పెద్దవాళ్ల భోజనం 11:30కే, పాప తినేటప్పుడే, సద్ది కట్టుకొచ్చింది తినేయండి. ములుగులో హోటల్ కోసం ఆగితే రెండో నిద్ర పోతుంది. 12:30కు పాప కళ్లు నలపకపోయినా బండి తీయండి, జంగాలపల్లి వచ్చేలోపు వాలిపోతుంది.

ఇంటికి చేరాక గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, మెడ మడతలు, చంకలు, తొడల దగ్గర ఎర్రగా ఉందేమో చూడండి. సాయంత్రం ఎవరింటికీ పోవద్దు, ఎవరినీ పిలవొద్దు. రాత్రి నిద్ర అరగంట ముందే వస్తుంది, రానివ్వండి.

తిండి డబ్బా, ఫ్లాస్కు ఆ రాత్రే కడిగి, రబ్బరు వాచరు ఊడదీసి వేరుగా ఆరబెట్టండి. మూత బిగించి అటక మీద పెడితే వచ్చే నెల తెరిచినప్పుడు వచ్చే వాసన సబ్బుతో కూడా పోదు.